ఉత్తరీయం మెడలో ఉంది, జపాలు బాకీ పడ్డాయి. ఇది పాపమా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. జూలై 16న కార్మెల్ మాత పండుగ నాడు ఫాదర్ గారు మీకు ఉత్తరీయం, అంటే మరియమ్మ పేరున మెడలో వేసుకునే, దారానికి కట్టిన చిన్న ఉన్ని గుడ్డ, వేశారు. పూజ అయ్యాక జపమాల గుంపులోని ఒక పెద్దావిడ మీ చేతిలో ఒక జిరాక్సు కాగితం పెట్టింది. రోజూ జపమాల మొత్తం చెప్పాలి. దాని పైన ఏడు పరలోక జపాలు, ఏడు మంగళవార్త జపాలు, ఏడు త్రిత్వ స్తోత్రాలు. బుధవారం, శనివారం నీచు ముట్టకూడదు. స్నానానికి కూడా ఉత్తరీయం తీయకూడదు. ఒక్కరోజు తప్పినా దేవమాతకు ఇచ్చిన మాట తప్పిన పాపం. నైట్ డ్యూటీల వల్ల మూడు నెలలుగా ఇవన్నీ తప్పుతూ వచ్చాయి. ఇది చాలదన్నట్టు, బిడ్డ పుడితే మా కోడలు తొమ్మిది శనివారాలు ఉపవాసం ఉండి పూజకు వస్తుందని మీ అత్తగారు మొక్కుకున్నారు. అదీ జరగలేదు. ఉత్తరీయం తీసి బీరువాలో పెట్టేస్తే ఈ టెన్షన్ పోతుందా అని అడిగారు.

తీయకండి. బీరువాలో పెట్టాల్సింది ఆ కాగితాన్ని.

నేను ఫాదర్‌ని కాను. చిత్తూరులో బడిలో తెలుగు చెప్పుకుంటూ, ముప్పై ఏళ్ళకు పైగా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఉపదేశిగా (మతపాఠాలు చెప్పేవాడిగా) పనిచేసినవాణ్ణి. ఉత్తరీయం పిల్లలకు వేసే ముందు పాఠం చెప్పే పని చాలా ఏళ్ళు నాదే. కాబట్టి ఈ భయం నాకు కొత్త కాదు. ఆఖరి మాట మాత్రం మీ విచారణ గురువుదే. ఆయన దగ్గరకు వెళ్ళేటప్పుడు ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

ముందు "తప్పనిసరి" అన్న మాట సంగతి చూద్దాం. దేవుని ఆజ్ఞలు ఎలాగూ ఉన్నాయి. అవి కాక, జపాలూ ఉపవాసాల విషయంలో ఒక కతోలికుడి మీద తప్పనిసరి అని బరువు పెట్టగలిగేవి రెండే. ఒకటి తిరుసభ (కతోలిక సంఘం) చట్టం, రెండోది మీరే మీ ఇష్టంతో దేవునికి చేసిన మొక్కు. పక్కింటి అక్క, జిరాక్సు కాగితం, వాట్సాప్‌లో వచ్చిన ఫోటో, వీటికి ఆ అధికారం లేదు. తిరుసభ చట్టం అడిగేది కూడా మనం అనుకున్నంత పెద్ద పట్టికేం కాదు. ఆదివారాలు, అప్పు పండుగల్లో (తప్పక రావాల్సిన పండుగల్లో) పూజ. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), పాస్కా (ఈస్టర్) కాలంలో సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం). పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళు శుక్రవారం మాంసం మానడం లేదా బిషప్పులు దానికి బదులుగా చెప్పినది చేయడం. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాసం. ఇవి 1983 నాటి చట్ట సంపుటిలో 1247 నుంచి 1253 వరకు ఉన్న నిబంధనల్లోనూ, 920, 989 నిబంధనల్లోనూ ఉన్నాయి. ఉత్తరీయం జపాల పేరు వాటిలో ఎక్కడా కనబడదు.

ఇక్కడ నాకొకటి నవ్వొస్తుంది. బుధవారం, శనివారం గురించి అంత గట్టిగా రాసిన ఆ కాగితంలో శుక్రవారం మాటే లేదు. మూడింట్లో చట్టం అడిగే రోజు అదొక్కటే.

మరి బుధ, శనివారాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎవరో ఊహించి రాసింది కాదు, దీనికో చరిత్ర ఉంది. కార్మెల్ సన్యాసులు మొదట పవిత్ర భూమిలో, ఇప్పటి హైఫా పక్కన ఉన్న కార్మెల్ కొండ మీద ఉండేవాళ్ళు. అక్కడ యుద్ధాలు ముదిరాక 13వ శతాబ్దంలో ఐరోపాకు తరలిపోయారు. వాళ్ళ సభాపెద్ద పునీత సైమన్ స్టాక్‌కు 1251 జూలై 16న ఇంగ్లండులో దేవమాత దర్శనమిచ్చి, ఉత్తరీయం చూపించి, దీన్ని ధరించి మరణించినవారు నిత్యాగ్నిలో పడరని చెప్పిందని సంప్రదాయం. ఆ దర్శనం గురించి మనకు దొరికే రాతలు చాలా కాలం తర్వాతవి, అందుకే చరిత్రకారులు దాని మీద వాదించుకుంటారు. అది వాళ్ళ పని. తిరుసభ పండుగ చేసేది ఆ తారీఖు నిజమని తేల్చడానికి కాదు, మాత కాపుదలని నమ్మి.

రెండో మాట ఇంకా చిక్కు. 22వ యోహాను పోపుగారు 1322లో ఒక శాసనం ఇచ్చారనీ, ఉత్తరీయం వేసుకున్నవాళ్ళను చనిపోయాక వచ్చే శనివారమే దేవమాత ఉత్తరించు స్థలం (చనిపోయినవాళ్ళ ఆత్మలు పరలోకానికి ముందు శుద్ధి పొందే చోటు) నుంచి విడిపిస్తుందనీ ప్రచారమైంది. ఆ శాసనం అసలుది కాదనేది ఇప్పుడు పండితులు దాదాపు అందరూ ఒప్పుకునే మాట. 1613లో ఐదవ పౌలు పోపుగారి కాలంలో రోము దీని మీద ఒక ఆజ్ఞ ఇచ్చింది. దేవుని ప్రేమలో మరణించి, ఉత్తరీయం ధరించి, తమ జీవిత స్థితికి తగిన శుద్ధత పాటించి, దేవమాత చిన్న ప్రార్థన గంటలు (రోజులో వేళలవారీగా పుస్తకం చూసి చెప్పే జపాలు) చెప్పుకున్నవాళ్ళకు ఆమె సాయం, ముఖ్యంగా శనివారం, ఉంటుందని భక్తితో నమ్మవచ్చు, అలా బోధించవచ్చు. చదవడం రానివాళ్ళు ఆ ప్రార్థనలకు బదులు తిరుసభ చెప్పిన ఉపవాసాలు ఉండి, బుధ, శనివారాలు మాంసం మానవచ్చు. క్రిస్మస్ ఆ రోజుల్లో వస్తే అదీ అక్కర్లేదు. దేవమాత ఉత్తరించు స్థలంలోకి దిగి వస్తున్నట్టు బొమ్మలు మాత్రం వేయకూడదని అదే ఆజ్ఞ చెప్పింది.

ఇది కొంచెం నిదానంగా చదవండమ్మా. మాంసం మానడం ఎవరికి చెప్పారు? చదువు రానివాళ్ళకు, పుస్తకం పట్టుకోలేనివాళ్ళకు. అది వాళ్ళ మీద కనికరంతో ఇచ్చిన దారి. మీ కాగితం రాసినవాళ్ళు ప్రార్థన గంటలకు బదులు జపమాల పెట్టారు, దాని పక్కన మాంసం మానడం కూడా పెట్టారు, పైన ఏడేసి జపాలు చేర్చారు. ప్రార్థన గంటలకు బదులు జపమాలో, వేరే జపమో చెప్పుకోమని గురువు మార్చి ఇవ్వడం పాతకాలం నుంచీ ఉంది. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి ఇచ్చి ఉంటారు. ఎవరెవరికో ఇచ్చిన మందులన్నీ ఒకే చీటీలో రాసి మీకు పట్టించారన్నమాట. నర్సు కదా, దాని ఫలితమేమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఈ షరతులు అన్నీ ఆ శనివారం మాటకు సంబంధించినవి. ఉత్తరీయం వేసుకోవడానికి, కార్మెల్ కుటుంబంలో చేరడానికి ఫలానా జపం ఇన్నిసార్లు అని లెక్కేమీ లేదు. రోజూ ఏదో ఒక ప్రార్థన, దేవమాత మీద ప్రేమ, ఆమెలాగా దేవుని మాట వినే బతుకు, అడిగేది ఇదే. తప్పితే పాపం అనే నియమం కార్మెల్ సభ పెట్టలేదు. శుద్ధత అన్న మాట చూసి కొత్తగా పెళ్ళైన పిల్లలు కంగారు పడుతుంటారు. పెళ్ళైనవాళ్ళకు అది నమ్మకంగా కాపురం చేయడమే, దూరంగా ఉండడం కాదు.

మరి ఇంత భయం ఎందుకు? నాకు తోచింది చెబుతాను, మా ఊళ్ళవాళ్ళెవరూ ఏమీ అనుకోకండి. మన జిల్లా గాలిలోనే మొక్కు ఉంది. కొండ మీద స్వామికి వడ్డీకాసులవాడని పేరు, కుబేరుడి దగ్గర అప్పు చేశాడని కథ. మొక్కి మరిచిపోతే వడ్డీతో సహా వసూలు చేసుకుంటాడని పిల్లప్పటి నుంచీ వింటాం. ఇటు చిత్తూరు పక్కన కాణిపాకంలో ప్రమాణం చేయాలంటే ఎంత మొండివాడికైనా కాళ్ళు వణుకుతాయి. పెరటాశి (తమిళ నెల) శనివారాలు వస్తే మా వీధిలో ఒక్క ఇంట్లో కూడా కోడికూర వాసన రాదు. అది వాళ్ళ భక్తి, దాని మీద నాకు గౌరవమే. అయితే మనం అదే లెక్కను మరియమ్మకు కూడా కట్టేస్తున్నాం. ఉత్తరీయమంటే ఆమె దగ్గర తీసుకున్న అప్పు, జపాలంటే నెలవారీ వాయిదాలు. వాయిదా తప్పితే బిడ్డకు జ్వరం. మీ ప్రశ్నలో బిడ్డకు జలుబు చేసిన సంగతి కూడా రాశారు, గమనించాను. ఆ జలుబుకూ మీ జపమాలకూ ఏ సంబంధమూ లేదు. ఫలానా వస్తువు ఉంటే చాలు, ఫలానా మాటలు ఇన్నిసార్లు అంటే చాలు, మనసు ఎక్కడున్నా పని జరిగిపోతుంది అనుకోవడాన్ని తిరుసభ సత్యోపదేశ గ్రంథం మూఢనమ్మకం అనే అంటుంది. 2111వ పేరా.

నేనూ అందులో నుంచి వచ్చినవాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజుకు ఒక జపమాల అని నియమం పెట్టుకున్నాను. తప్పిన రోజుల్ని ఒక నోటుబుక్కులో రాసేవాణ్ణి, కిరాణా కొట్టు పద్దులాగా. సెలవుల్లో ఒకేరోజు నాలుగు చెప్పి కొట్టేసేవాణ్ణి. పరీక్ష పేపర్లు దిద్దే నెల వచ్చేసరికి బాకీ 46కు చేరింది. ఆ పుస్తకం పట్టుకుని అప్పటి ఫాదర్ గారి దగ్గరకు వెళ్ళాను, ఎలా తీర్చాలని. ఆయన పెద్దాయన. పుస్తకం తిరగేసి, "మాస్టారూ, ఈ నలభై ఆరింట్లో ఏ ఒక్కదాన్లోనైనా ఆమెతో మాట్లాడారా, లేక లెక్కతోనే మాట్లాడారా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, నేను పిల్లల పేపర్ల మీద కొట్టినట్టే, ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టి చేతికిచ్చారు. ఆ నెలంతా నేను చెప్పుకుంది రాత్రి పడుకునే ముందు మూడు మంగళవార్త జపాలే. అంత నిదానంగా నేనెప్పుడూ చెప్పుకుని ఉండను.

ఇక మీ అత్తగారి మొక్కు. దీనికి జవాబు చట్టంలో సూటిగా ఉంది. 1191వ నిబంధన ప్రకారం మొక్కు అంటే సాధ్యమైన ఒక మంచి పని చేస్తానని తెలిసి, ఆలోచించి, స్వేచ్ఛగా దేవునికి ఇచ్చే మాట. అన్యాయంగా పెట్టిన పెద్ద భయానికి లొంగి చేసిన మొక్కు చెల్లదని కూడా అక్కడే ఉంది. 1193వ నిబంధన ఇంకా చిన్నది. మొక్కు మొక్కినవాళ్ళనే కట్టేస్తుంది. అంటే ఆవిడ మొక్కితే ఆవిడ మీదే, మీ మీద పడదు. ఆవిడ మాత్రం "నా కోడలు చేస్తుంది" అని మొక్కారు. మీ ఉపవాసం ఆవిడ చేతిలో లేనిది, చేతిలో లేనిదాన్ని మాటివ్వడం ఎలా కుదురుతుంది? అయినా ఆవిడ మనసులో బరువు ఉంటే ఫాదర్ గారికి చెప్పుకోవచ్చు. సొంత మొక్కులను సరైన కారణముంటే రద్దు చేసే అధికారం విచారణ గురువుకు ఉంది, 1196. రద్దు అక్కర్లేకుండా దానికి సమానమైనదో అంతకంటే మంచిదో ఒక పనిగా మొక్కినవాళ్ళే మార్చుకోవచ్చు, 1197.

మీ విషయానికొస్తే, ఉత్తరీయం వేయించుకున్న రోజు మీరు దేవునికి మొక్కేమైనా చెప్పుకున్నారా? "ఈ రోజు నుంచి ప్రతిరోజూ ఇది చేస్తానని నీకు మాటిస్తున్నాను, ఇది తప్పితే నాకు పాపం" అని తెలిసి, కావాలని? మీరు రాసినదాన్ని బట్టి అలాంటిదేమీ జరగలేదు. చేద్దామనుకున్నారు, అంతే. చేద్దామనుకోవడం సంకల్పం. సంకల్పం తప్పితే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు, మాట తప్పిన పాపం అక్కడ లేదు. కాబట్టి పాపసంకీర్తనంలో దీన్ని పాపంగా చెప్పుకోవాల్సిన పని లేదు. మనసు తేలిక కావడానికి ఫాదర్ గారితో మాట్లాడితే మంచిదే.

ఆదివారం పూజ సంగతి మీరు అడగలేదు గానీ, డ్యూటీ చార్టు చూసినప్పుడల్లా మీకు వచ్చే సందేహమే కాబట్టి చెబుతున్నాను. శనివారం సాయంత్రం పూజ ఆదివారం బాధ్యతకు లెక్కే. రెండూ కుదరకుండా ఐసీయూలో రోగి పక్కన ఉండాల్సి వస్తే ఆ రోజుకు మీ మీద తప్పు లేదు. ఇలా తరచూ జరుగుతుంటే ఫాదర్ గారికి ఒక మాట చెప్పి ఉంచండి. ఉత్తరీయం జపాల కంటే మీరు ఆలోచించాల్సింది నిజానికి ఇదే.

ఉత్తరీయం తీయడం గురించి. స్నానానికి తీయవచ్చు, ఆపరేషన్ థియేటర్లోకి వెళ్ళేటప్పుడు తీయాలి, రోగి మీద వేలాడే దారం ఏదైనా తీయాలన్నది మీ ఆసుపత్రి నియమమే కదా. తీసినంత మాత్రాన కార్మెల్ కుటుంబం నుంచి బయటపడిపోరు. ఒకసారి చేర్చుకుంటే జీవితాంతం చేరినట్టే. దారం తెగితే అపశకునమనే మాట మాత్రం ఎవరన్నా చెవిన పెట్టుకోవద్దు. దారాలన్నాక తెగుతాయి, ఇంకొకటి వేసుకోండి. మొదటిది గురువు ఆశీర్వదించి వేసినది కాబట్టి ఆ తర్వాతి వాటికి మళ్ళీ ఆ తంతు అక్కర్లేదు. మే నెల తిరుపతి ఎండలో ఉన్ని గుడ్డ చెమటకు తడిసి మెడ ఒరుసుకుపోతుంది. 1910 డిసెంబరులో పదవ పయస్ పోపుగారి కాలంలోనే గుడ్డకు బదులు పతకం వేసుకోవచ్చని అనుమతి వచ్చింది. ఒకవైపు యేసు తిరుహృదయం, మరోవైపు దేవమాత ఉన్న పతకం. మొదటిసారి వేయించుకునేది గుడ్డదే అయ్యుండాలి, మీకది అయిపోయింది. పతకాన్ని మాత్రం ఆశీర్వదింపజేయాలి. ఎమ్మారై గదిలోకి దాన్ని వేసుకుని వెళ్ళకండి, అది మీకు తెలిసిందే.

ఉత్తరీయం వేసుకున్నవాళ్ళు చేయాల్సిందేమిటని రోము వాళ్ళు ఏమన్నారో కూడా చూడండి. 1950లో పన్నెండవ పయస్ పోపుగారు దీని గురించి రాస్తూ, ఇది వేసుకున్నాం కదా అని సోమరిగా, నిర్లక్ష్యంగా బతికితే రక్షణ దొరుకుతుందని అనుకోవద్దని హెచ్చరించారు. 2001లో, ఉత్తరీయానికి 750 ఏళ్ళు నిండిన సందర్భంగా, రెండవ జాన్ పాల్ పోపుగారు కార్మెల్ సభవారికి ఉత్తరం రాశారు. తానూ చాలాకాలంగా ఉత్తరీయం ధరిస్తున్నానని అందులో ఉంది. దేవమాత మీద భక్తి అప్పుడప్పుడు చెప్పే జపాలతో ఆగకూడదు, మనిషి తొడుక్కునే బట్టలాగా బతుకంతా అంటిపెట్టుకోవాలి అన్నది ఆ ఉత్తరం సారం. అసలు ఉత్తరీయమే అలాంటిది. సన్యాసులు పని చేసేటప్పుడు భుజాల మీదుగా ముందుకూ వెనక్కూ వేలాడేలా వేసుకునే గుడ్డ అది. లోపలి అంగీ మాసిపోకుండా ఉండడానికి. అంటే అది పని బట్ట, మీ ఏప్రాన్ లాంటిది. డ్యూటీలో ఉన్నప్పుడు మీ మెడలో ఉండడానికి అంతకంటే తగిన వస్తువు నాకు తోచదు.

ఇప్పుడు మీరు ఏం చెప్పుకోవాలి? నా సలహా ఇది, ఫాదర్ గారు వేరే చెబితే ఆయన మాట వినండి. డ్యూటీకి బయలుదేరేటప్పుడు ఉత్తరీయాన్ని ముద్దు పెట్టుకుని ఒక మంగళవార్త జపం. జపమాలలో రోజుకు ఒక్క దేవరహస్యం, పది పూసలు, నాలుగు నిమిషాల పని. రాత్రి మూడో ఝామున వార్డు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కుదిరితే అప్పుడు, లేకపోతే బస్సులో. నేను చిత్తూరు నుంచి తిరుపతి వచ్చేటప్పుడు బస్సులోనే చెప్పుకుంటాను. పూతలపట్టు దాటేలోపు మొదటి రహస్యం అయిపోతుంది, చంద్రగిరి కోట కనబడేసరికి ఐదూ పూర్తయి ఒక కునుకు కూడా పడుతుంది. సెలవు రోజున ఇంట్లో అందరూ కూర్చుంటే పూర్తి జపమాల చెప్పుకోండి. కుదరని రోజున వదిలేయండి, మర్నాటికి బాకీ కలపకండి. ఏడేసి జపాలు మీకు ఇష్టమైతే చెప్పుకోవచ్చు, మంచి జపాలే. శనివారం మాంసం మానడం కూడా అంతే, ప్రేమతో మానితే ఆ మాతకు పూలు పెట్టినట్టు. భయంతో అయితే చియ్యలపులుసు తిని ప్రశాంతంగా పడుకోవడమే మేలు.

ఆ కాగితం ఇచ్చిన అక్కతో గొడవ పడకండి. ఆవిడకూ ఎవరో అలాగే ఇచ్చి ఉంటారు. ఫాదర్ గారి దగ్గరకు వెళ్ళే రోజున మీ అత్తగారిని కూడా తీసుకెళ్ళండి. మొక్కు మార్చుకునే మాట ఆయన నోటి నుంచే వింటే ఆవిడకు మనసు కుదురుతుంది, మీరు చెబితే కుదరదు. తొమ్మిది శనివారాల ఉపవాసానికి బదులు బిడ్డను ఎత్తుకుని తొమ్మిది శనివారాలు ఆవిడే సాయంత్రం పూజకు వెళ్ళేలా ఆయన ఒప్పిస్తే, మీకు ఆ గంట నిద్ర కూడా దొరుకుతుంది.

ఇప్పుడు మీ మెడలో ఉన్నది తెగిపోయేంత పాతబడితే చెత్తబుట్టలో వేయకండి. ఆశీర్వదించిన వస్తువు కాబట్టి కాల్చి బూడిదను మట్టిలో కలపాలి, లేదా అలాగే పాతిపెట్టాలి. మా ఇంట్లోవి కరివేపాకు చెట్టు మొదట్లో పెడుతుంటాం.